చేతి తూకం

ఫోనులో ఆ ఆడమనిషి మళ్లీ అదే మాట చెప్పింది, మీరు కాల్ చేస్తున్న నంబరు స్విచాఫ్ అయి ఉందని, సీతాలు హమ్మయ్య అనుకుంది. కూతురికి ఫోను కలవకపోతే సంతోషించే తల్లి లోకం మొత్తానికి తనొక్కతే అయి ఉంటుంది. కలవొద్దు, ఆ ఫోను అలా చచ్చే ఉండనీ, అది మోగిందంటే దానికి చార్జరు పెట్టినట్టే, పెట్టిన చార్జరు తను కొనిచ్చిందే. షేరాటో వెనకబల్ల మీద, వచ్చిన రోడ్డుకేసి ముఖం పెట్టి, ఖాళీ చేపల బేసిను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది సీతాలు. నర్సీపట్నం వెనక్కి జరిగిపోతోంది, టైర్ల కొట్టు, సిమెంటు బస్తాల కొట్టు, ఫ్యాను తిరగక అరుగు మీద చొక్కా విప్పుకుని కూర్చున్న మనిషి. ఈ వేసవంతా ఇదే వరస. పొద్దున్న తీసిన కరెంటు సందెపడే వేళకి గాని ఇవ్వరు, ఇవ్వగానే ఊరూరా జనం ముందు చేసే పని ఫోనుని గోడకి తగిలించడం. ఇంకా ఎండ ఉంది, జీడితోటల మీద పచ్చగా పడి ఉంది. అది ఎర్రబడి, మాసిపోయి, దీపాలు వెలిగేలోగా తను కృష్ణదేవిపేటలో కూతురు చిట్టి అత్తవారి గుమ్మంలో ఉండాలి. ఉంటుందా. ఆటోవాడు చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆపుతున్నాడు.

"బేగి పోనీ బాబూ, నీ కడుపు సల్లగుండ."

"ఎక్కీవోళ్లు ఎక్కద్దేటమ్మా? కాళీ బండి తోలుకెల్తే నా కడుపు సల్లగుంటాదేటి?"

నిజమే, పీత కష్టాలు పీతవి. ఆ ఊళ్లో ఇంకెవరి నంబరైనా తెలుసుంటే బాగుండును, తెలియదు, ఆ ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే, సోమేశ్ కొన్న చైనా ఫోను, పాట పెడితే వీధి చివర దాకా వినిపిస్తుంది. విశాఖపట్నంలో వ్యాను తోలుకునే అల్లుడు సాయంత్రం అమ్మతో మాట్లాడటానికని దాన్ని ఇంట్లో ఉంచి వెళ్లాడు. భార్యతో మాట్లాడటానికని కాదు, అమ్మతో. సరేలే, ఇప్పుడు ఆ లెక్కలెందుకు. బేసినులో కాగితం పొట్లం ఒకటి, ఆటో గతుకులో పడినప్పుడల్లా ఇటు నుంచి అటు దొర్లి ఠక్కున కొట్టుకుంటోంది. అందులో ఉన్నది రెండో చార్జరు, తన ఇంట్లోది, చిట్టికిచ్చిన దానికి తోడబుట్టినది. ఇప్పుడు రెండు చిప్పలుగా విడిపోయి, పేగులు బయటపెట్టుకుని ఉంది. ఆ ఠక్కుమనేది చార్జరు కాదు. లోపల పెట్టిన ఇనప ముక్క. ఆ చప్పుడు వింటుంటే తన చేతిని తనే కొట్టుకోవాలనిపించింది సీతాలుకి.

ఈ చెయ్యి తప్పిన చెయ్యి కాదు. పాయకరావుపేట అవతల సముద్రమ్మట ఓ పల్లెలో పుట్టి, తల్లి గంప పక్కన పాకడం నేర్చిన నాటి నుంచి ఈ చెయ్యి చేపని చూసింది. ఒక చేప అరచేతిలో పడితే చాలు, పొద్దుటి వలదా, నిన్నటి ఐసుదా, నీళ్లు తాగించి బరువెక్కించినదా అని కళ్లు మూసుకుని చెప్పేది. తాజా చేప బరువుగా, బిగువుగా, చల్లగా ఉంటుంది, చచ్చి చాలాసేపైనది తేలిపోతుంది, మెత్తబడుతుంది. పల్లెలో ఎవరు ఏం కొన్నా, గిన్నె కొన్నా, టార్చిలైటు కొన్నా, సీతాలప్ప చేతిలో ఒకసారి పెట్టి తీసుకెళ్లేవాళ్లు. తనకదో గొప్ప. ఆ గొప్పతోనే నర్సీపట్నంలో దేవుళ్లనే అతని ఫోన్ల కొట్లో గాజుబల్ల ముందు నిలబడి, ఒక చేతిలో ఒకటీ రెండో చేతిలో ఒకటీ పెట్టుకుని ఎత్తి చూసింది. తెల్లదొకటి, నల్లదొకటి. వైరు ఊడొచ్చే రకం, యూఎస్‌బీ అంటారు, చైనా ఫోన్లకి ఇదే పడుతుంది అన్నాడు దేవుళ్లు. తెల్లది పేరున్న కంపెనీదప్పా, కొంచెం ప్రియం, అదే తీసుకో అని కూడా అన్నాడు, అనలేదని అబద్ధమాడితే కళ్లు పోతాయి. తనే వినలేదు. ఇదేటి, ఎండు నెత్తళ్ల సేప లాగ ఉఫ్‌మంటే ఎగిరిపోతాది, లోపల సరుకేటుంది దీంట్లో అని వెక్కిరించి, పిట్ట కొంచెమైనా కూత ఘనం అన్నట్టు బొటనవేలంత ఉండి రాయంత బరువున్న నల్లదాన్ని పట్టుకుంది. రెండివ్వమంది. బరువున్నదే చవగ్గా వస్తుంటే తేలికదానికి ఎక్కువ పెట్టే వెర్రిది ఎవతె.

అదే దేవుళ్లు ఇందాక, సంతలో సరుకైపోయాక వెళితే, స్క్రూడ్రైవరు పెట్టి ఆ నల్లదాని పొట్ట చీల్చాడు. చీల్చి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, రోజూ చూసేవాడి నవ్వు. లోపల గోరంత పచ్చ అట్టముక్క, దాని పక్కన జిగురు పెట్టి అంటించిన ఇనప ముక్క. దేనికీ తగిలించి లేదు, ఏ పనీ చెయ్యదు, ఊరికే కూర్చుంది.

"ఇదేటి దేవుళ్లూ?"

"బరువప్పా. నీలాటోళ్లు ఎత్తి సూత్తారని ఆడికి తెల్సు గదా. నీ కోసవే ఎట్టినాడు."

నీ కోసమే. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఎక్కడో, ఏ దేశంలోనో, ముఖం తెలియని మనిషి ఒకడు తన అరచేతిని ముందే చూసి, దాని తెలివి ఎంతో తెలుసుకుని, దానికి సరిపడా ఎర కట్టాడు. చేపకి ఎర తను వేసేది గాని తనకెవరైనా వేస్తారని ఏనాడూ అనుకోలేదు. తర్వాత దేవుళ్లు స్క్రూడ్రైవరు మొనతో చూపించాడు, ఇటు పక్కది గోడ కరెంటు, మనిషిని సంపీది, అటు పక్కది ఫోను కరెంటు, పసిపిల్లలు ముట్టుకున్నా ఏటీ కాదు, రెంటి నడవా కాలవంత ఎడం ఉండాల, దీంట్లో సూడు, ఎంటికంత ఎడం, అది మాడి బొగ్గైపోనాది, ఇంకేటుంది, గోడ కరెంటు తిన్నగా ఫోన్లోకే. మీవోడు ఎక్కడ కూకొని ముట్టుకున్నాడు? నులక మంచం మీద, అంది తను. అదే బతికించినాది. తడి సేత్తో, తడి నేల మీద ఉంటేనా. అక్కడితో ఆపేశాడు. చేపల పులుసు ముక్క నోట్లో పెట్టుకోబోతూ ముల్లు చూసినట్టు ఆగిపోయాడు. రెండోది ఎవలికిచ్చినావప్పా అని అడిగింది ఆ తర్వాతే.

నిన్న మొగుడు మత్స్యలింగం వెల్లకిలా పడిన తీరు కళ్లముందు కదిలింది. వేట నుంచొచ్చి, చేతులు తుడుచుకోకుండా మంచం మీద కూర్చుని, గోడకి పెట్టి ఉన్న తన ఫోనందుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు, నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు, అంతలో గోడ దగ్గర ఫట్‌మని పొగ, మనిషి వెనక్కి పడ్డాడు. కుడిచెయ్యి రాత్రంతా తనది కానట్టే వేలాడేసుకున్నాడు. తిమ్మిరి సేప ముట్టుకున్నట్టున్నాదే అన్నాడు. ఎప్పుడో ఒకసారి వలలో పడుతుంది ఆ చేప, గుండ్రంగా, బురద రంగులో, ముట్టుకుంటే మోచేతి దాకా జిమ్మంటుంది. పల్లెలో పిల్లలు ఒకర్నొకరు దాని మీదకి తోసుకుని నవ్వుతారు. జిమ్మందంటే బతికుందని గుర్తు, చచ్చిన చేప జిమ్మనదు. అది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. అంత బాగా తెలిసిన సంగతే తన కొంప ముంచింది. ఎందుకంటే మొన్నామధ్య చిట్టి ఫోను చేసి, అమ్మా, చార్జరెట్టి ఫోను పట్టుకుంటే సీమలు పాకినట్టున్నాదంతంది మా అత్త, బాగానే ఉందంతావా అని అడిగితే, తను ఏం చెప్పింది. జిమ్మంతే మంచిదే గుంటా, కరెంటుకి పేణం ఉన్నట్టు, సచ్చిన సరుకైతే జిమ్మంతాదేటి, అని చెప్పింది. నవ్వి మరీ చెప్పింది. వేడెక్కుతోందని కూడా అంది ఆ పిల్ల. చేప వేడెక్కితే పారేస్తావే సీతాలూ, ఆ ఒక్కటీ ఎందుకు గుర్తు రాలేదే నీకు. తనకి కావలసిన గుర్తులు తీసుకుంది, అక్కర్లేని గుర్తు వదిలేసింది.

ఆటో మళ్లీ ఆగింది. ఒక ముసలాయన రెండు వరిగడ్డి మోపులు పైకెక్కిస్తున్నాడు, తాడు కడుతున్నాడు, కట్టిందే మళ్లీ కడుతున్నాడు. ఎండ ఎర్రబడింది. సీతాలు ఫోను తీసి నొక్కింది, స్విచాఫ్, దేవుడున్నాడు.

చిట్టి అత్త రామాయమ్మ చేపలు తినదని కాదు. నిక్షేపంగా తింటుంది. వాళ్ల వీధిలోకి చేపలమ్మి వస్తే మొదట గంప దిగేది ఆమె గుమ్మంలోనే, బేరమాడి, కొసరు వేయించుకుని మరీ కొంటుంది. సీతాలు తెచ్చిన చేపలే ముట్టదు. ఎందుకంటే డబ్బిచ్చి కొంటే అది సరుకు, ఊరికే పుచ్చుకుంటే చుట్టరికం. ఆ చుట్టరికమే ఆమెకి అక్కర్లేదు. నర్సీపట్నం సంతలో తల్లి పక్కన కూర్చుని చేపలు తోముతున్న చిట్టిని చూసి, చేపల కోసం వచ్చిన సోమేశ్ తనే గాలం మింగాడు, దానికి సీతాలు ఏం చేస్తుంది. బలిఘట్టం గుళ్లో పెళ్లి జరిగితే పిల్లాడి తల్లి రాలేదు. వరిచేలున్న ఇంటికి ఉప్పునీటి పిల్ల కోడలా అందిట. ఏడాది తిరిగాక ఇంట్లోకైతే రానిచ్చింది, ఇంటి చాకిరీ అంతా ఒంటిచేత్తో చేసే మనిషి దొరుకుతుందని. వియ్యపురాలిని మాత్రం వసారా దాటి రానివ్వలేదు. పండగకి వంజరం చేప పట్టుకెళితే పక్కింటివాళ్లకి ఇచ్చేసింది, అరిసెలు పట్టుకెళితే నూనె వాసనంది, చీర పెడితే చిలక్కొయ్యకి అలాగే వేలాడింది. వదినా అని ఒక్కసారి పిలవలేదు. మీ అమ్మొచ్చింది అంటుంది కోడలితో, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూ. సీతాలు నోరు సంతలో పెరిగిన నోరు, నాలుగు దులపలేక కాదు, కూతురు అక్కడ నలగాలి కదా అని మింగింది. అలా మింగినవన్నీ కడుపులో ఎక్కడ పడి ఉన్నాయో తనకే తెలియదు.

అలాంటి మనిషి చార్జరు పుచ్చుకుంది. పాతది పోయిందని, ఫోను మూల పడిందని చిట్టి చెబితే ఈ నల్లది పట్టుకెళ్లి వసారాలో పెట్టింది తను. మర్నాడు చిట్టి గుసగుసగా ఫోను చేసింది, అమ్మా, మా అత్త పుచ్చుకున్నాది, రోజూ దాన్నే ఎడతంది. చార్జరుకి వాసన లేదు మరి, అట్టపెట్టెలో వచ్చింది, ఏ చెయ్యి ఇచ్చిందో దాని మీద రాసి లేదు. ఆ పూట సంతలో సీతాలు అడగని వాళ్లకి కూడా కొసరు వేసింది, పక్కగంపావిడ నీకేటైనా పిచ్చెక్కిందా అని తిడుతుంటే నవ్వుతూ వేసింది. ఇన్నేళ్లలో ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లిన తన వస్తువు అదొక్కటే. ఎంచి ఎంచి, చేత్తో తూచి మరీ, ఆ ఇంట్లోకి మృత్యువుని పంపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, తనకిప్పుడు పట్టుకోవడానికి ఆకు కూడా లేదు, ఈ ఆటో కమ్మీ తప్ప. ఏమైనా జరిగితే, అబ్బే జరగదు, జరిగితే ఊరేమంటుంది, కావాలని ఇచ్చింది అనదూ. చిట్టిని బతకనిస్తారా. ఛీ, అక్కడ ఒక మనిషి ప్రాణం గోడకి వేలాడుతుంటే నీకు ఊరి మాటలు గుర్తొస్తున్నాయా. రామాయమ్మ సాయంత్రం గేదెల పని చూసుకుని, చేతులూ కాళ్లూ కడుక్కుని, తడి కాళ్లతో తిన్నగా ఫోను దగ్గరికే వెళుతుందని చిట్టే చెప్పింది. కొడుకు మాట వింటే గాని ఆమెకి ముద్ద దిగదు. ఆ ఒక్క విషయంలో ఆ మనిషిని ఎప్పుడూ తప్పు పట్టలేకపోయింది సీతాలు.

మొదట దూరంగా ఒక మిల్లు మీద దీపం వెలిగింది. తర్వాత రోడ్డు పక్క కిళ్లీకొట్లో గొట్టందీపం రెండుసార్లు రెప్పకొట్టి తెల్లగా నిలబడింది. ఆ వెనక ఒక ఇల్లు, ఇంకో ఇల్లు, చేల అవతల వరసగా నాలుగైదు. ఎక్కడో పిల్లలు వచ్చింది వచ్చింది అని కేకలేశారు. ఆటోలో ముసలాయన కూడా, అమ్మయ్య, వచ్చినాది అన్నాడు. ఇన్నేళ్లుగా తనూ అలాగే అనేది. సీతాలు నంబరు నొక్కింది. స్విచాఫ్ అను తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను, అను. అనలేదు. కాసేపు నిశ్శబ్దం, తర్వాత అదే ఆడమనిషి, అంతే మెత్తగా, మీరు కాల్ చేస్తున్న వారు వేరొక కాల్‌లో ఉన్నారు అంది. మళ్లీ నొక్కింది. వేరొక కాల్‌లో ఉన్నారు. అంటే ఫోను ఆమె చేతిలో ఉంది, వైరు గోడకుంది, మాట్లాడుతోంది, అంటే బతికే ఉంది. లేక చేతిలో అలాగే అంటుకుపోయి, అవతల కొడుకు అమ్మా అమ్మా అంటూ ఉంటే. మత్స్యలింగం నోరు తెరిచిన ముఖం కనిపించింది. ఊరి మొదట్లో ఆటో ఇంకా ఆగకముందే దూకేసింది సీతాలు. వెనకనుంచి ఆటోవాడు ఏదో అరిచాడు. బేసిను చంకలో పెట్టుకుని, పొట్లం పిడికిట్లో పట్టుకుని, చెప్పులు ఎక్కడ ఊడాయో చూసుకోకుండా పరుగెత్తింది, ఆ వయసులో, ఆ వీధిలో, అరుగుల మీద జనం లేచి చూస్తుంటే.

వసారాలో ఎవరూ లేరు. పెరట్లో బకెట్టు చప్పుడు, చిట్టి అక్కడుంది. నడవాగది దాటి లోపల దేవుడి గది, దేవుడి పీట పక్కనే ప్లగ్గు, ఆ ఇంట్లో సరిగ్గా పనిచేసేది అదొక్కటేనని చిట్టి చెప్పింది. తలుపు తెరిచే ఉంది. రామాయమ్మ అప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల మీద కాళ్లు చాపుకుని, వైరు చాలక గోడకి ఆనుకుని, ఫోను చెవికి పెట్టుకుని ఉంది. మోచేతి నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ముఖం వెలుగుతో ఉంది, కొడుకు ఏదో నవ్వించాడు కాబోలు.

"అవున్రా, గట్టిదేరా. కూసింత సీమలు పాకినట్టుంతాది గాని బేగి ఎక్కుతాది. పాత దానికంతే నయం. ఆ, మా వదిన కొన్నాది."

గడప ఇవతల సీతాలు ఆగిపోయింది. వదిన. తనే. చెవులారా విన్నది. ఒక్క ఊపిరి సేపు, పాపిష్టి దాన్ని, ఒక్క ఊపిరి సేపు అలాగే నిలబడింది, ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని. ఆ తర్వాత గడప దాటింది. మట్టి కాళ్లతో, చేపనీళ్లు ఎండిన చీరతో, దేవుడి పీట మీదుగా వంగి స్విచ్చి కొట్టేసింది. ఫోను వెలుగు ఆరిపోయింది. బ్యాటరీలో ఏమీ లేదు మరి.

"సోమేసూ, ఒరే. ఏటిది? ఎవలూ?" రామాయమ్మ తలెత్తింది. చూసింది. ముందు ముఖం కాదు, కాళ్లు చూసింది. "ఏటిది, ఈ గదిలోకా? కాళ్లయినా కడుక్కోకండా?"

"అది మంచిది కాదు వదినగారూ." పరుగుకి రొప్పు ఆగలేదు. వైరు పట్టుకుని చార్జరు గోడ నుంచి ఊడబెరికింది. వేడిగా ఉంది. "సంపేస్తాది. మా మనిసిని నిన్న ఇసిరి కొట్టినాది. ఇదుగో సూడండి, ఇలాటిదే. లోపల ఇనప ముక్కెట్టినాడు. నా సెయ్యి తప్పినాది."

విప్పిన పొట్లం కేసి రామాయమ్మ చూసిందో లేదో. పెరట్లోంచి చిట్టి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది, ఎవరి కేసి చూడాలో తెలియక.

"మంచిదని నువ్వే తెచ్చినావు. ఇప్పుడు కాదని నువ్వే లాక్కుంతన్నావు. బిడ్డతో మాటాడుతంటే మజ్జిలో తెంపేసినావు." రామాయమ్మ గోడ పట్టుకుని లేచింది. చేతులు చీరకి తుడుచుకుంది. నిక్షేపంలాంటి మనిషి, ఒంటి మీద ఒక్క గీత లేదు. ఆమెకి ఏమీ జరగలేదు కాబట్టి ఆమెకి చూపించడానికి సీతాలు దగ్గర ఏమీ లేదు. "ఒలే సిట్టీ, నీళ్లట్రా. గది కడగాల. పసుపు కూడా తే."

చిట్టి తల్లి ముఖం చూసింది, అత్త ముఖం చూసింది, వెళ్లి బకెట్టు తెచ్చింది. గుమ్మంలో తల్లిని దాటుకుని లోపలికి వెళుతూ, మోచేతితో తల్లి చేతిని ఒకసారి ఆనించి వెళ్లింది, అంతే. నీళ్లు గచ్చు మీద పడ్డాయి. సీతాలు వాటినే చూసింది, రామాయమ్మ ఇందాక కూర్చున్న చోటి నుంచి పక్కకి జరగడం, నీళ్లు గోడ దాకా పారడం, ఖాళీ ప్లగ్గు కింద నుంచి తిరిగి రావడం. ఏమీ కాలేదు. దేవుడా, ఏమీ కాలేదు. సంతోషపడాలి, పడుతోంది కూడా, కళ్లు మాత్రం వేరే దేనికో నిండాయి. మంచి చార్జరు రేపు పంపిస్తాను అందామనుకుంది. ఈ ఇంట్లో ఇక ఎవరు పుచ్చుకుంటారు. రెండు చార్జర్లనీ బేసినులో వేసి, గడప దిగి, వసారా దాటి మెట్ల మీదకొచ్చింది. చీకటి పడింది, వీధి మొత్తం దీపాలు వెలుగుతున్నాయి.

వెనకనుంచి రామాయమ్మ గొంతు వినిపించింది. కోపంగా లేదు. మామూలుగా ఉంది.

"ఇదిగో, రేపు సంతలో పీతలుంటే ఇటు పంపు. డబ్బులు ఇత్తాన్లే."

సీతాలు బేసిను చంకలోకి సర్దుకుంది.

"అలాగేనమ్మగారూ," అంది.